కుళ్ళాయమ్మ వేసిన నూనె చుక్క

కుళ్ళాయమ్మకు భయపడ్డానికి కారణం అక్కర్లేదు. ఏ కారణమూ లేని రోజున, ఇంత నిమ్మళంగా ఉన్నామంటే ఏదో ముంచుకొస్తోందని భయపడుతుంది. పాలు పొంగకముందే స్టవ్ ఆర్పేస్తుంది. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా పోయి, వేశానో లేదోనని వెనక్కొస్తుంది. హిందూపురంలో రైల్వే గేటు అవతల ఆమె ఉండే సందులో ఆడవాళ్ళు, "కుళ్ళాయక్క నవ్వేటప్పుడు గూడా ఒక కన్ను తలుపు మీదే ఉంటాది" అని ఆటపట్టిస్తారు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వుతుంది, తలుపు వైపు చూస్తూనే.

అట్లాంటి మనిషి చేతికి ఒక గేమింగ్ కీబోర్డూ ఒక నూనె డబ్బా ఒకే రోజు దొరికితే ఏం జరగాలో అదే జరిగింది. అది చెప్పేముందు ఆమె ఎవరో కాస్త తెలియాలి.

ఆమెది ముదిగుబ్బ దగ్గర ఒక మెట్ట పల్లె. పుట్టింట్లోనూ గొర్రెలే, మెట్టినింట్లోనూ గొర్రెలే. మొగుడు సుంకప్పకు మందను తోలడం తప్ప ఇంకో పని రాదు. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళలో శనక్కాయ పైరు ఎండిపోయింది, గొర్రెలకు రోగమొచ్చింది. మిగిలినవాటిని అమ్ముకుని, చంకలో పసిపిల్లతో హిందూపురం బస్సెక్కారు. సుంకప్ప చింతపండు మార్కెట్లో మూటలు మోసే పనికి కుదిరాడు. కుళ్ళాయమ్మ బట్టల ఫ్యాక్టరీలో చేరి, చొక్కాలకు కాలర్లు కుట్టడం నేర్చుకుంది. గొర్రెల వెనక తిరిగిన కాళ్ళు కరెంటు మిషను పెడలు మీద కుదురుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఫ్యాక్టరీలో ఒక నియమం ఉంది. కుడుతుంటే సూది విరిగితే చెయ్యి పైకెత్తాలి. సూపర్‌వైజరు వస్తాడు. విరిగిన ముక్కలన్నీ వెతికి, కాగితానికి అతికించి చూపిస్తేనే కొత్త సూది ఇస్తారు. ముక్క ఏ చొక్కాలోనో ఉండిపోతే ఏ దేశంలోనో ఏ పసిబిడ్డకో గుచ్చుకుంటుందని. నియమం మంచిదే. మంచిది కానిది సూపర్‌వైజరు నోరు. ఒకసారి కుళ్ళాయమ్మ పక్క మిషను ఈశ్వరి చెయ్యెత్తింది. ముక్క ఎంతకీ దొరకలేదు. మిషన్ల లైనంతా ఆగిపోయింది. ఆ మనిషి అందరి ముందూ ఈశ్వరిని, ఆమె పెంపకాన్ని, ఆమె ఊరిని కలిపి తిట్టాడు. ఆ తర్వాత ఆమెను మిషను మీంచి తీసి దారాలు కత్తిరించే పనిలో కూర్చోబెట్టారు. కొన్నాళ్ళకు ఈశ్వరి రావడమే మానేసింది.

ఆ రోజు నుంచి కుళ్ళాయమ్మ చీర కుచ్చిళ్ళ మడతలో రెండు సూదులు ఉంటాయి, బజారులో సొంతంగా కొన్నవి. సూది విరిగితే తల ఎత్తదు. వేళ్ళతో తడిమి తడిమి ముక్కలు ఏరుకుని రుమాలు కొసన ముడేసుకుంటుంది. కొత్త సూది బిగించి, ఏమీ ఎరగనట్టు కుట్టుకుంటూ పోతుంది. ముక్క దొరికేదాకా ఆ గుడ్డను మాత్రం వదలదు, అంత పాపం చేసే మనిషి కాదు. కానీ తప్పు జరిగితే ఎవరూ చూడకముందే తానే సర్దేయాలన్నది ఆమెకు ఎముకల్లోకి ఇంకిపోయింది.

ఇంత భయంలోనూ ఆమెకు ధైర్యమిచ్చే వస్తువు ఒకటుంది. మిషను నూనె. పొద్దున్నే మిషను తుడిచి, ఎక్కడెక్కడ ఇనుము ఇనుముతో రాసుకుంటుందో అక్కడల్లా ఒక చుక్క వేస్తే గాని కూర్చోదు. చప్పుడు చేసే మిషను నూనె అడుగుతున్నట్టు లెక్క. ఇంట్లో తలుపు బందులకు, గ్రైండరుకు, సుంకప్ప సైకిలుకు కూడా ఆమె నూనె దక్కుతుంది. ఆ ఇంట్లో కిర్రుమనే హక్కు ఏ వస్తువుకూ లేదు.

ఇక కూతురు సుధ. డిగ్రీ చివరి సంవత్సరం. సాయంత్రాలు ట్యూషన్లు చెబుతుంది. మిగిలిన సమయమంతా కంప్యూటరు ముందు కూర్చుని, ఎక్కడెక్కడి ఆడపిల్లలతోనో కలిసి తుపాకుల ఆట ఆడుతుంది. ఆ కంప్యూటరును ముక్కముక్కగా చేర్చి ఇచ్చినవాడు శివకృష్ణ. కుళ్ళాయమ్మ పల్లెవాడే, ఆమెను అత్తా అని పిలుస్తాడు, ధర్మవరంలో కంప్యూటర్ల అంగడి పెట్టుకున్నాడు. కీబోర్డు కూడా అతని దగ్గరే, ఎవరో వాడి అమ్మినదాన్ని సుధ తన ట్యూషన్ల దుడ్లతో కొనుక్కుంది.

అది ఇంటికొచ్చిన రోజు కుళ్ళాయమ్మ చేతుల్లోకి తీసుకుని, "ఏమే ఇంత బరువుండాది?" అంది.

"లోపల ఇనప రేకుంటాది మా. ఎంత గట్టిగా కొట్టినా ఊగదు," అని సుధ పెళ్ళికూతురిని చూపించినంత సంబరంగా చూపించింది. "మామూలు కీబోర్డులో అన్ని అక్షరాలకూ కలిపి కింద ఒకే రబ్బరు షీటు పరిచింటారు. దీంట్లో ఎవరి ఇల్లు వాళ్ళదే. ఒక్కో కీ కింద ఒక్కో స్విచ్. దాంట్లో ఒక స్ప్రింగు, ఒక ప్లాస్టిక్ కాడ, ఒక సన్నని రేకు. నొక్కితే టక్ మంటాది చూడు. ఆ టక్ వేలికి తెలిసిందంటే పని అయినట్టే, కిందిదాకా నొక్కే పన్లేదు. పది వేళ్ళతో పది కీలు ఒకేసారి నొక్కినా అన్నీ పలుకుతాయి. మామూలు దాంట్లో అయితే రెండు మూడు కలిపి నొక్కితే ఒకదాన్ని మింగేస్తాది."

"ఇన్ని లైట్లెందుకు?"

"అందానికి."

"ఇదేంది, తాళం బొమ్మ?"

"ఆట మధ్యలో పక్కనుండే ఈ కీ పొరపాటున తగిలితే ఆట మూసుకుపోతాది. అందుకే దాన్ని పనిచెయ్యకుండా తాళం ఏసుకోవచ్చు."

తాళం సంగతి కుళ్ళాయమ్మకు తెగ నచ్చింది. ఎవరో తనలాంటి మనిషే ఈ వస్తువును తయారు చేసినట్టనిపించింది. మిషనులో దారం చుట్టిన బాబిన్ సరిగ్గా కూర్చున్నప్పుడు వచ్చే చిన్న టక్ లాంటి శబ్దమే దీనిదీ. సుధ అప్పుడప్పుడు ఒక తీగ కొక్కెంతో అక్షరాల టోపీలు పైకి లాగి, కుంచెతో దుమ్ము తుడుచుకోవడం కూడా చూసింది. మిషనును శుభ్రంగా పెట్టుకునే పిల్ల చెడిపోదని ఆమె నమ్మకం. సుంకప్పకు మాత్రం ఆ టకటకలు గిట్టవు. ఒకసారి విసుగొచ్చి, "ఉండు, దాన్ని తీసకపోయి మార్కెట్లో చింతపండు మూటల కింద పడేస్తా" అన్నాడు కూడా.

ఈ దసరాకు ఆ టకటకలకే ఒక విలువ వచ్చిపడింది. బెంగళూరులో ఆడపిల్లల జట్టు ఒకటుంది. జీతమిచ్చి ఆడిస్తారు. జట్టులో ఒక చోటు ఖాళీ అయ్యింది. సుధ ఆట చూసి పిలిచారు. విజయదశమి సాయంత్రం ఒక మ్యాచిలో తమతో ఆడించి చూస్తామని, బాగుంటే తీసుకుంటామని, లేదంటే వేరే పిల్లను చూసుకుంటామని చెప్పారు. ఇట్లాంటి పిలుపు మళ్ళీ రాదని సుధకు తెలుసు. కుళ్ళాయమ్మకు ఆట తెలియదు గాని, ఒక ఖాళీ కోసం ఎంతమంది ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడతారో బాగా తెలుసు. ఆ మాట విన్నప్పటినుంచి ఆమెకు అన్నం సయించలేదు.

ముందురోజు ఆయుధపూజ. ఫ్యాక్టరీలో మిషన్లన్నీ కడిగి, నూనెలు వేసి, పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మధ్యాహ్నానికి అందరినీ ఇళ్ళకు పంపించారు. కుళ్ళాయమ్మ చామంతి మూర కొనుక్కుని ఇంటికొచ్చింది. సుధ స్నేహితురాలింటికి పోయింది. సుంకప్ప మార్కెట్లో పూజలో ఉన్నాడు. ఆమె గ్రైండరు తుడిచింది, సైకిలు తుడిచింది, కత్తిపీట కడిగింది, అన్నిటికీ బొట్లు పెట్టింది. తర్వాత సుధ బల్ల దగ్గరికి వచ్చింది.

రేపు ఆ పిల్లకు బువ్వ పెట్టబోయే మిషను ఇదే. ఒట్టి బొట్టు పెట్టి వదిలేస్తే ఎట్లా? ఇన్నాళ్ళనుంచి టకటకమని మొత్తుకుంటోంది, ఒక్క చుక్క పోసినవాళ్ళు లేరు. పొడుగ్గా ఉండే కింది కీ అయితే గలగలమంటోంది. కుళ్ళాయమ్మ తీగ కొక్కెం తీసుకుని, సుధ లాగినట్టే టోపీలు లాగింది. అన్నీ కాదు. పనెక్కువ చేసే చోటనే నూనె వెయ్యాలన్నది ఆమె చదువు. ఎడమచేతి వైపు నాలుగు టోపీలు వేళ్ళ రాపిడికి నున్నగా మెరుస్తున్నాయి. వాటినీ, వాటి పక్కవాటినీ, ఆ పొడుగు కీని తీసి, లోపలి కాడలోకి డబ్బా మూతి ఆనించి తలా ఒక చుక్క పోసింది. పొడుగుదానికి ఇంకొంచెం ఎక్కువే పోసింది. టోపీలు పెట్టి, పక్కన కుంకుమ బొట్టు పెట్టి, చామంతి పెట్టి దండం పెట్టుకుంది. ఆ వేళంతా ఆమెకు ఏ భయమూ వెయ్యలేదు. అదొక్కటే ఆమె అనుమానించాల్సిన సంగతి.

సాయంత్రం సుధ వచ్చి, బొట్టు చూసి నవ్వి, ఆటకు కూర్చుంది. కాసేపటికి నవ్వు పోయింది. ముందుకు నడిపించే కీ ఒకసారి పలికి ఒకసారి పలకడంలేదు. పక్కకు తిప్పేది రెండుసార్లు పలుకుతోంది. ఎగరాల్సిన చోట ఎగరడంలేదు. టక్ మనే శబ్దం పోయి మెత్తగా ఏదో తడిబట్ట నొక్కినట్టుంది. సుధ వైరు పీకి మళ్ళీ పెట్టింది, కంప్యూటరు ఆర్పి మళ్ళీ వేసింది, ఫోన్లో జట్టు పిల్లనెవరినో అడిగింది.

"ఒక కీ పోతే స్విచ్ పోయిందనుకుందుము. ఇన్ని ఒకేసారి పోయినాయంటే లోపల బోర్డే పోయింది," అని ఏడుపు గొంతుతో అంటుంటే, వంటింట్లో కుళ్ళాయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అమ్మా, దీన్ని నువ్వేమన్నా కదిలించినావా?"

"నేనా? బొట్టు పెట్టినా, అంతే," అంది కుళ్ళాయమ్మ.

ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. కుచ్చిళ్ళలో సూది దాచుకున్నంత సులువుగా వచ్చింది. సుధ పొద్దున్నే ఎవరిదన్నా మామూలు కీబోర్డు అడిగి తెచ్చుకుంటానని, దానితో గెలవడం కల్లేనని తనలో తాను గొణుక్కుంటూ కూర్చుంది. ఆ ముఖం చూడలేక కుళ్ళాయమ్మ కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది.

దశమి పొద్దున సుధ కీబోర్డు వెతుక్కుంటూ అటు బయలుదేరగానే, కుళ్ళాయమ్మ ఇటు కీబోర్డును తువ్వాలలో చుట్టి, సంచిలో పెట్టుకుంది. శివకృష్ణకు ఫోన్ చేస్తే, రా అత్తా చూస్తా అన్నాడు. సుంకప్ప గుమ్మం దగ్గర కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"యాడికి?"

"ధర్మవరం. పని ఉండాది. మధ్యాన్నానికి వచ్చేస్తా."

సుంకప్ప సంచి వైపు చూశాడు. సంచిలోంచి వైరు కొస వేలాడుతోంది. బీడీ ఇంకో దమ్ము లాగి, దారికి అడ్డంగా ఉన్న కాళ్ళు ముడుచుకున్నాడు.

పండగ రైలు. నిలబడే చోటు దొరకడమే గొప్ప. కీబోర్డును ఎవరైనా తొక్కేస్తారేమోనని కుళ్ళాయమ్మ దాన్ని చంటిబిడ్డలా గుండెకు ఆనించుకుంది. పెనుకొండ కొండ కనబడేసరికి ఫోను మోగింది. సుధ. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఎత్తలేదు. ఇంటికొచ్చి బల్ల ఖాళీగా ఉండడం చూసి ఉంటుంది. ఎత్తితే అబద్ధం చెప్పాలి, లేదంటే నిజం చెప్పాలి. ఫోన్ను సంచి అడుగున తోసేసింది. అది అక్కడినుంచి కూడా మోగింది.

ధర్మవరంలో దిగి, ఉరుకులు పరుగులుగా అంగడికి పోతే షట్టరు దించి ఉంది. ముందర పగిలిన గుమ్మడికాయ, అరటి పిలకలు. కుళ్ళాయమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి, సంచిని ఒళ్ళో పెట్టుకుని, వచ్చే పోయే ప్రతి బండినీ శివకృష్ణ బండేమోనని చూసింది. సాయంత్రానికి మ్యాచి. రైలు తప్పితే? ఇది బాగు కాకపోతే? బాగై, దారిలో మళ్ళీ పాడైతే? జమ్మిచెట్టు పూజ ముగించుకుని శివకృష్ణ వచ్చేసరికి ఆమె అన్ని విధాలుగానూ ఓడిపోయి ఉంది.

"ఏమైంది అత్తా, అట్లుండావు?"

"నూనె పోసినా నాయనా," అంది. అతనికి చెప్పడానికి ఏ అడ్డమూ రాలేదు.

శివకృష్ణ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. టోపీ ఒకటి తీసి, సన్నని పటకారుతో కింద ఉన్న స్విచ్చును రెండు వైపులా అదిమి పైకి లాగాడు. పన్ను ఊడినట్టు చేతికొచ్చింది. కుళ్ళాయమ్మ అబ్బా అని కళ్ళు మూసుకుంది.

"ఏం కాదత్తా, ఇది ఊడదీసేదానికే చేసినారు. అతుకు గితుకు ఏమీలేదు, కింద బోర్డులో గుచ్చుకుని ఉంటాదంతే. పాడైతే పీకి ఇంకోటి గుచ్చుకోవడమే." స్విచ్ మూత తెరిచి చూపించాడు. "ఈ రేకు ఎదురుగా ఉండే రేకుకు తగిలితేనే కీ పలికేది. నూనె మధ్యలో చేరితే తగిలీ తగలకుండా ఉంటాది. నూనె పోసేవాళ్ళూ లేకపోలేదు, గ్రీజు లాంటిది, స్ప్రింగుకూ కాడకూ రవ్వంత పూస్తారు. రేకుకు మాత్రం అంటనియ్యరు. ఏవేవిటికి పోసినావు?"

కుళ్ళాయమ్మ ఒక్కోదాన్నీ వేలితో చూపించింది. శివకృష్ణ, సుధ ఎప్పుడూ ముట్టని కీల స్విచ్చులను, పై వరసలో కుడి చివరి వాటిని పీకి, నూనె తాగిన వాటి చోట గుచ్చాడు. తడిసిన సందులన్నీ మందు లాంటిదేదో పోసి తుడిచాడు. నొక్కి చూశాడు. టక్. టక్. ఆ శబ్దం వినగానే కుళ్ళాయమ్మకు ఏడుపొచ్చింది.

"ఈ పొడుగుదాని మీద నాకు పూర్తి నమ్మకం లేదు. కింది బొక్కలోకి గూడా దిగినట్టుండాది. ఇప్పటికి బాగుంది, మళ్ళీ మొరాయించొచ్చు." రెండు కొత్త స్విచ్చులు, ఒక పటకారు కాగితంలో చుట్టి ఇచ్చాడు. "ఆటలో అట్లయితే, ఇది పీకి ఇది గుచ్చమను. సుధకు చెప్పు."

"సుధకు తెలియనియ్యొద్దు నాయనా."

"చెప్పకపోతే ఇవి ఆమె చేతికి ఎట్లొస్తాయత్తా?"

కుళ్ళాయమ్మ ఆ పొట్లాన్ని పిడికిట్లో పెట్టుకుని, సంచి ఎత్తుకుని స్టేషను దారి పట్టింది.

తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. ఎదురుగా వచ్చే రైలు కోసమట. ఎంతకీ కదలదు. ప్లాట్‌ఫారం మీదికి దిగినవాళ్ళు టీలు తాగుతున్నారు. కుళ్ళాయమ్మ సంచి దించకుండా తలుపు దగ్గరే నిలబడి సిగ్నలు వైపు చూస్తోంది. అప్పుడు మళ్ళీ ఫోను. ఈసారి సుంకప్ప.

"ఏమే, వస్తాండావా?"

"పెనుకొండలో నిలబెట్టేసినారు. సుధ ఏం చేస్తాండాది?"

"మాట్లాడ్డంలేదు. కీబోర్డు నేను దాచినా అనుకుంటాండాది. మూటల కింద ఏస్తా అన్నా గదా ఒగసారి, అదే పట్టుకుంది. పిల్ల బాగా ఏడ్చింది."

"నువ్వేమన్నావు?"

"ఏమనేది? నీ సంచిలో వైరు చూసినా. నువ్వేదో తంటా పడతాండావని తెలుసు. నా మీదే అనుకోనీలే, సాయంత్రానికి సర్దుకుంటాది. నువ్వు జాగ్రత్తగా రా."

కుళ్ళాయమ్మ ఫోను పెట్టేసింది. సూపర్‌వైజరు తిట్టినా ఓర్చుకునేది. ఈ మనిషి ఒక్క మాట అనకుండా తన తప్పును నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు. చింతపండు మూటల కింద వంగిన ఆ మెడమీద ఇంకొక మూట తాను పెట్టింది. తన మీద తనకే అసహ్యమేసింది. ఇక ఆలోచిస్తే మళ్ళీ భయమేస్తుందని, వెంటనే సుధకు ఫోను చేసింది.

"సుధా, కీబోర్డు నా దగ్గరుండాది. మీ నాయన కాదు. నిన్న పూజకని నేనే దానికి నూనె పోసినా. మిషను నూనె. నువ్వడిగితే లేదని అబద్ధం చెప్పినా. శివా బాగు చేసిచ్చినాడు. మీ నాయనను ఏమీ అనొద్దు."

ఎదురు రైలు కూత పెట్టుకుంటూ దాటిపోయింది.

"యాడుండావు?" అంది సుధ.

"పెనుకొండ."

ఫోను పెట్టేసింది.

అక్కడినుంచి హిందూపురం దాకా కుళ్ళాయమ్మ పడిన బాధ అంతా ఇంతా కాదు. తిట్టి ఉంటే బాగుండేది. చెప్పి తప్పు చేశానా? ఇంత జరిగాక ఆ పిల్ల చేతులు ఆటలో స్థిమితంగా ఉంటాయా? పొద్దు వాలుతోంది. స్టేషన్లో దిగి ఆటో ఎక్కడ దొరుకుతుందా అని తొందర తొందరగా బయటికొస్తే, మెట్ల దగ్గర స్నేహితురాలి స్కూటీ మీద సుధ కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బండి అప్పటికే స్టార్టు చేసి పెట్టుకుంది.

"ఎక్కు మా, టైమ్ లేదు."

కుళ్ళాయమ్మ కీబోర్డును ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. కాస్త దూరం పోయాక సుధ తల తిప్పకుండానే అంది. "నిన్ననే చెప్పింటే నేనే తడిసినవి పీకి, వాడనివి గుచ్చుకుందును గదా. ఎందుకు పోయిందో తెలియకనే బోర్డు పోయిందనుకున్నా. ఇది ఊడదీసేదే మా."

"శివా గూడా అదే అన్నాడు."

"నాయనకు సారీ చెప్పినా."

"మంచిపని చేసినావు," అంది కుళ్ళాయమ్మ. కాగితం పొట్లాన్ని పిడికిట్లో ఇంకా గట్టిగా పట్టుకుంది.

మ్యాచి మొదలయ్యింది. సుంకప్ప గోడకానుకుని కూర్చున్నాడు. కుళ్ళాయమ్మ సుధ వెనక నిలబడింది. తెర మీద ఏం జరుగుతోందో ఆమెకు ఒక్క ముక్క అర్థంకాలేదు. ఆమె చూసింది కూతురి వేళ్ళనే. ముందుకు, పక్కకు, వెనక్కి. టక్, టక్, టక్. ఒక్కో టక్‌కూ ఒక్కో దండం పెట్టుకుంది. సగం ఆట దాటాక పొడుగు కీ మొరాయించింది. సుధ ఒకసారి కొట్టింది, మళ్ళీ కొట్టింది.

సుధ మైకులో మామూలు గొంతుతో అంది. "నా స్పేస్ కీ పనిచెయ్యడంలేదు. ఈ రౌండ్ అయినాక స్విచ్ మార్చుకోవాల. ఒక్క నిమిషం ఆపండి."

అవతలినుంచి ఎవరో ఆడపిల్ల, సరే మార్చుకో, ఆపిస్తామంది. అంతే. ఎవరూ అరవలేదు. ఎవరూ ఆమె ఊరూ పేరూ ఎత్తలేదు. కుళ్ళాయమ్మ ఆ మాట మళ్ళీ వినాలనుకుంది. రౌండ్ ముగియగానే సుధ తెర మీంచి చూపు తిప్పకుండా చెయ్యి వెనక్కి చాచింది.

"అమ్మా, స్విచ్."

కుళ్ళాయమ్మ పిడికిలి విప్పింది. చెమటకు కాగితం మెత్తబడిపోయింది. సుధ టోపీ లాగింది, పాతది పీకింది, కొత్తది గుచ్చింది. సూది మార్చినంత సేపు కూడా పట్టలేదు. టక్ మంది.

గెలిచారు. తీసుకునేదీ లేనిదీ రేపు చెబుతామన్నారు.

మర్నాడు ఫ్యాక్టరీ. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. కుళ్ళాయమ్మ మనసు మనసులో లేదు. తీసుకున్నారో లేదో, ఎప్పుడు చెబుతారో, తీసుకోకపోతే అది తన నూనె వల్లేనేమో. కాలర్ మడత దగ్గర గుడ్డను కాస్త గట్టిగా లాగింది. సూది పటుక్కుమని విరిగింది.

చెయ్యి దానంతట అదే కుచ్చిళ్ళ మడతలోకి పోయింది. దాచుకున్న సూది వేళ్ళకు తగిలింది. సూపర్‌వైజరు లైను ఆ చివర ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఇటు చూడటంలేదు. ఇప్పుడు మార్చేసుకోవచ్చు. ఎన్నోసార్లు మార్చుకున్నట్టే.

ఆమె సూదిని మడతలోనే వదిలేసి, చెయ్యి పైకెత్తింది.

సూపర్‌వైజరు వచ్చాడు. అరిచాడు కూడా, ఆయన ఆ జట్టు పిల్ల కాదు కదా. కుళ్ళాయమ్మ "మొన కాలర్లోనే ఉండాది సార్, వెతుకుతాండా. లైను ఆపండి," అంది. వెతికింది. దొరికింది. కాగితానికి అతికించి ఇచ్చింది. కొత్త సూది తెచ్చుకుంది. మళ్ళీ కుట్టింది.

సాయంత్రం గేటు దగ్గర ఫోను చేతికి రాగానే మోగింది.

"అమ్మా! తీసుకున్నారు మా! వచ్చే నెల నుంచే అంట!"

కుళ్ళాయమ్మ అక్కడే గోడకానుకుని నిలబడిపోయింది. కళ్ళు తుడుచుకుంది. పక్కన పోతున్నవాళ్ళు ఏమైందక్కా అని ఆగారు.

"అమ్మా, ఇంటాండావా?"

"ఇంటాండా. నేను గూడా ఒక మాట చెప్తా ఇను. ఈ పొద్దు సూది ఇరిగింది," అంది కుళ్ళాయమ్మ. "చెయ్యెత్తినా."